కిటికీగారి కుర్చీ

హోటల్లో ఆయన అసలు పేరు ఎవరికీ అవసరం పడలేదు. వీధి వైపు పెద్ద అద్దం కిటికీ, దాని పక్కన చిన్న బల్ల, బల్లకి ఒకటే కుర్చీ, ఆ కుర్చీలో ఆయన. అందుకని వంటవాళ్ల దగ్గర్నుంచి గిన్నెలు తోమేవాళ్ల దాకా అందరూ కిటికీగారు అనేవాళ్లు. చివర ఆ 'గారు' మర్యాదకి తగిలించారో వెటకారానికి తగిలించారో ఆయన ఆరా తియ్యలేదు. మర్యాదే అనుకుని పుచ్చుకున్నాడు. పుచ్చుకోవడంలో ఆయనకి ఎప్పుడూ మొహమాటం లేదు.

ఆయన చేసే పని తినడం. ఎగతాళికి అంటున్న మాట కాదు, జీతం ఇచ్చేదే అందుకు. మధ్యాహ్నం ఆఫీసులు వదిలే వేళకీ, సాయంత్రం దీపాలు వెలిగే వేళకీ ఆయన ఆ కుర్చీలో కూర్చుని, దారిన పోయేవాళ్లకి కనబడేలా భోంచెయ్యాలి. అది పెద్ద నగరం, ఏ వీధిలో చూసినా వరసగా హోటళ్లే. బోర్డు చూసి లోపలికొచ్చేవాళ్లు తక్కువ. ఖాళీ హోటల్లోకి ముందుగా అడుగు పెట్టాలంటే ఎంతటివాడికైనా జంకు. అదే కిటికీలో ఒక మనిషి లోకం మర్చిపోయి తింటూ కనబడ్డాడనుకోండి, కాళ్లు వాటంతటవే ఆగుతాయి. "ఆయనెవరో బలే తింటున్నాడు, మనమూ చూద్దామా?" అని ఇద్దరు లోపలికొస్తారు. వాళ్లని చూసి నలుగురు. ఆ నలుగురే తర్వాత స్నేహితుల దగ్గర "ఈ చోటు మేం కనిపెట్టాం" అని గొప్పలు పోతారు.

ఈ పనికి ఎవరు పడితే వాళ్లు పనికిరారు. లావుపాటి మనిషి తింటుంటే తిండిపోతు అంటారు, బక్కచిక్కిన మనిషి తింటుంటే పాపం అంటారు. కిటికీగారు రెండిటికీ మధ్యన ఉండేవాడు. నున్నగా దువ్విన జుట్టు, ఇస్త్రీ చొక్కా, శుభ్రమైన గోళ్లు. పైగా ఆయనకి సొంత నియమాలుండేవి. వీధి వైపు చూడకూడదు. చూస్తూ తినేవాడు ఎవరికోసమో కాచుకున్నట్టుంటాడు. మొదటి ముద్ద నోట్లోకి వెళ్లగానే ఒక్క క్షణం ఆగాలి, ఏదో పాత సంగతి గుర్తొచ్చినట్టు. కళ్లు సగమే మూయాలి. పూర్తిగా మూస్తే నాటకమని తెలిసిపోతుంది. రెండో ముద్ద మొదటిదాని కన్నా తొందరగా వెళ్లాలి. పళ్లెం మాత్రం ఎప్పుడూ ఖాళీ కాకూడదు. సగానికి రాగానే లోపల్నుంచి నిండు పళ్లెం వస్తుంది, పాతదాంట్లో మిగిలింది చెత్తబుట్టలోకి పోతుంది. పనయ్యాక వెనక తలుపులోంచి బయటపడాలి. ఇందాకటి దాకా ఆవురావురుమంటూ తిన్న పెద్దమనిషి వంటవాళ్లతో కబుర్లాడుతూ ముందు గుమ్మంలోంచి వస్తే గుట్టు రట్టవుతుంది.

ఇంత చేసే మనిషికి ఆకలి ఎలా ఉంటుందో మర్చిపోయి ఏళ్లయింది. నాలిక మొద్దుబారిపోయింది. చేప పెట్టినా బంగాళదుంప పెట్టినా ఆయనకి ఒకటే. అంతా పనితనం. రంగస్థలం మీద దొంగ ఏడుపు ఏడ్చేవాడికి చప్పట్లు కొడతారు, తనకి అవి కూడా లేవని ఆయనకి లోలోపల చిన్న బాధ.

ఒక్క హోటల్లోనే కాదు, ఆయన చాలా కిటికీలు చూశాడు. బస్టాండు ఎదురుగా వేయించిన చేపలమ్మే చోటుంది. ఇప్పుడు వానలో గొడుగులేసుకుని మరీ జనం వరస కడతారు గానీ, ఒకప్పుడు అక్కడ ఈగలు తోలుకునేవాళ్లు. కిటికీగారు ఒక వేసవంతా కూర్చుని దాన్ని నిలబెట్టాడు. కోర్టు వెనక సందులో సూపులమ్మే కొట్టు, బ్యాంకు మేడ కింద నూడుల్స్ దుకాణం, ఇవీ ఆయన నిలబెట్టినవే. ఏడాదికోసారి పత్రికలో నగరవాసులు మెచ్చిన తిండి చోట్లంటూ పేజీ నిండా ఫొటోలు వేస్తే, ఆ పేజీ మోకాళ్ల మీద పరుచుకుని ముసిముసిగా నవ్వుకునేవాడు. ఈ మెప్పులో సగం తన నోటి చలవే అని ఆయన నమ్మకం. నిజానికి అందులో అబద్ధం కూడా ఏమీ లేదు.

సెలవు రోజున భార్యని వెంటబెట్టుకుని షికారుకి బయల్దేరేవాడు. షికారంటే ఈ హోటళ్ల ముందు నడవడమే. "అదిగో, అది నేను నిలబెట్టిందే. ఆ జనాన్ని చూడు" అని వేలెత్తి చూపించేవాడు. ఆవిడ గుమ్మం పక్కన రాసిపెట్టిన పదార్థాల పేర్లు మెల్లిగా చదువుకునేది. తలుపు తెరుచుకున్నప్పుడల్లా లోపలి వేడి గాలి వాసనతో సహా మొహానికి కొట్టేది. ఒకనాడు చేపల హోటలు ముందు ఆగి అడిగింది.

"ఏవండీ, ఒక్కసారి లోపలికెళ్లి కూర్చుందామా?"

"వారమంతా హోటల్లోనే కదే నా బతుకు. సెలవు పూట కూడా ఆ బల్లల మొహమే చూడమంటావా?"

"మీరు ఊరికే కూర్చోండి. నేను తింటాను."

"నీకు బయట తిండి పడదులే."

పడేదీ పడనిదీ ఎప్పుడైనా తింటే కదా తెలిసేది. ఆ మాట ఆవిడ నాలిక చివరి దాకా వచ్చి వెనక్కి పోయింది. ఊరంతా తిరిగి, కాళ్లు పీకుతుంటే ఇంటికొచ్చి పడుకున్నారు.

ఇల్లంటే పాత మేడ మీద ఒక గది, పక్కన వంటకి మనిషి నిలబడేంత చోటు. పిల్లల్లేరు. ఆయన కడుపు హోటల్లోనే నిండేది కాబట్టి ఇంట్లో పొయ్యి వెలిగేది ఆవిడ ఒక్కదాని కోసమే. అది ఆయన కంట్లో పడింది. "ఒక్క నోటి కోసం రెండు పూటలా పొయ్యేంటే?" అన్నాడు. ఆనాటి నుంచి ఆవిడ రెండు రోజులకోసారి వండి, చల్లారిన అన్నమే సర్దుకుని తినేది. ఎప్పుడైనా ఆవిడ చేసిన కూర చెంచాతో కాస్త తీసి నాలిక మీద వేసుకుని, "దీన్ని కిటికీలో పెడితే వీధి మొత్తం ఖాళీ అయిపోతుంది" అనేవాడు. పక్కగది టైలరమ్మ ఉన్నప్పుడైతే ఇంకా గట్టిగా అనేవాడు. టైలరమ్మ నవ్వేది. ఆవిడా నవ్వేది, నవ్వకపోతే ఆ మాటే మళ్లీ అంటాడని. కొన్నాళ్లకి కూరలో ఉప్పు సరిచూసుకునే ఓపిక కూడా పోయింది. నిలబడే, గిన్నెలోంచే, నాలుగు ముద్దలు మింగి మూత పెట్టేసేది. మెడ ఎముకలు తేలాయి. "నీకు తిండి యావ లేదే, అదృష్టవంతురాలివి" అని ఆయన మెచ్చుకునేవాడు. కళ్లుండీ ఇంత కనబడని మనిషి ఆ నగరం మొత్తానికి ఇంకొకడు ఉండడు.

ఇక చెంచా సంగతి చెప్పాలి. అది ఆయన సొంతంగా కనిపెట్టింది. కిటికీ ముందు డబ్బున్నవాళ్లే ఆగాలని లేదు కదా, ఆకలిగొన్నవాళ్లూ ఆగుతారు. అద్దానికి ముక్కు ఆనించి గుటకలు మింగే మనిషి ఒకడుంటే వెనకొచ్చేవాళ్లకి లోపలికి రాబుద్ధి కాదు. పోనీ లేచి కసురుదామంటే తినేవాడి మొహం చెడుతుంది. అందుకని కిటికీగారు చెంచా బోర్లించి పళ్లేనికి ఎడం పక్కన పెట్టేవాడు. గుమ్మంలో వాచ్‌మన్ అది చూసి, బయట నిలబడ్డ మనిషిని కర్రతో అదిలించి రోడ్డు అవతలికి తోలేసేవాడు. మాటా పలుకూ ఉండేది కాదు. తోలాక చెంచా మళ్లీ మామూలుగా చేతిలోకి వచ్చేది. యజమాని ఈ ఏర్పాటు చూసి మురిసిపోయి అందరి ముందూ ఆయన భుజం తట్టాడు. కొత్తలో ఒక ముసలమ్మని తోలడానికి వాచ్‌మన్ వెనకాడితే కిటికీగారే పక్కకి పిలిచి బోధ చేశాడు. "జాలి ఇంటి దగ్గర పెట్టుకో. పని పనే" అన్నాడు. ఇంటి దగ్గర కూడా ఆయనకది ఉన్నట్టు దాఖలాలు లేవు.

ఒకసారి ఆ చెంచా ఆయన భార్య కోసమే బోర్లపడింది. ఆవిడ తల్లి ఆస్పత్రిలో ఆఖరి ఘడియల్లో ఉందని కబురొచ్చింది. ఆస్పత్రి ఊరికి ఆ చివర, ఒక్కతే వెళ్లడానికి ఆవిడకి దారి తెలీదు. కట్టుబట్టలతో పరుగెత్తుకొచ్చి కిటికీ ముందు నిలబడింది. జుట్టు రేగిపోయి ఉంది, మొహం ఏడ్చి ఏడ్చి ఉబ్బింది. వేళ్లతో అద్దం మీద తట్టింది. ఆయన వీధి చూడడు కదా. రెండోసారి తడితే కంటి చివర్నుంచి చూశాడు. అప్పుడే గుమ్మం దగ్గర ఆఫీసువాళ్లు కొందరు లోపలికి రావాలా వద్దా అని తటపటాయిస్తున్నారు. ఆయన చెంచా బోర్లించాడు.

వాచ్‌మన్‌కి ఆవిడెవరో తెలీదు. కర్ర ఎత్తాడు. ఆవిడ రోడ్డు దాటి అవతలి కాలిబాట మీద నిలబడింది, పనయ్యాక వస్తాడు కదా అని. ఆయన పని ముగించుకుని, చెయ్యి కడుక్కుని, అలవాటు కొద్దీ వెనక తలుపులోంచి ఇంటికి వెళ్లిపోయాడు. హోటలువాళ్లు మధ్యాహ్నం తలుపులు మూసేదాకా ఆవిడ అక్కడే ఉంది. ఇంటికొచ్చి చూస్తే ఆయన కునుకు తీస్తున్నాడు. ఇద్దరూ ఆస్పత్రికి చేరేసరికి మంచం మీద దుప్పటి కూడా మార్చేశారు.

"అలాంటి అవతారంతో వస్తే నేను మాత్రం ఏం చెయ్యను చెప్పు? పని పనే కదా" అన్నాడు దారిలో. ఆ తర్వాత ఆవిడ ఎన్నడూ ఆ ఊసెత్తలేదు. సర్దుకుపోయింది పాపం అనుకున్నాడాయన.

అలా ఏళ్లు గడిచాక పళ్లు ఆయన్ని మోసం చేశాయి. ఆకలి లేకుండా అంత తిండి నమిలిన పళ్లు, ఎన్నాళ్లని ఓర్చుకుంటాయి? చిగుళ్లు వాచాయి. ముందు కుడివైపు నమలడం మానేశాడు, తర్వాత ఎడమవైపూ మానేశాడు. తినేవాడి మొహంలో నొప్పి కనబడితే దారిన పోయేవాడు అది పన్ను నొప్పని అనుకోడు, వంట బాగోలేదనుకుంటాడు. మధ్యాహ్నం పూట బల్లలు ఖాళీగా ఉండటం మొదలైంది. యజమాని వచ్చి కిటికీ పక్కన నిలబడ్డాడు.

"ఏంటి పెద్దాయనా ఆ మొహం? మా కూరలో మేకులున్నట్టు నములుతున్నారు."

"పన్ను నొప్పండి. రెండు రోజుల్లో తగ్గిపోతుంది."

"పది రోజుల్నుంచీ రెండు రోజులనే అంటున్నారు."

పళ్ల డాక్టరు నోట్లోకి లైటు వేసి చూసి, అన్నీ పీకించుకుని కట్టుడు పళ్లు పెట్టించుకోవడం తప్ప దారి లేదన్నాడు. చిగుళ్లు మానే దాకా జావ తాగి ఉండాలన్నాడు. కిటికీగారికి నొప్పి బెంగ కన్నా కుర్చీ బెంగ ఎక్కువైంది. ఆ కుర్చీ నాలుగు రోజులు ఖాళీగా ఉంటే యజమాని ఇంకెవణ్ణో తెచ్చి కూర్చోబెడతాడు. వాడికి పళ్లుంటాయి. ఇక ఈ వయసులో తనకి వేరే కిటికీ దొరకదు. వేరే పనీ రాదు, చెంచా తప్ప మరేదీ పట్టని చేతులాయె.

బాగా ఆలోచించి ఒక ఎత్తు వేశాడు. తను కోలుకునే దాకా భార్యని కూర్చోబెడితే సరి. ఒకటి, ఇంటిమనిషి కాబట్టి కుర్చీ ఎత్తుకుపోదు. రెండోది ఇంకా ముఖ్యమైంది, ఆవిడకి తినడం చేతకాదు. నిలబడి నాలుగు ముద్దలు మింగే మనిషి కిటికీలో కూర్చుని ఎవర్ని మెప్పిస్తుంది? హోటలు వెలవెలబోతుంది. కిటికీగారు ఎప్పుడొస్తాడా అని యజమాని గోళ్లు కొరుక్కుంటూ కూర్చుంటాడు. పెళ్లాం ఎంత బాగా చెడగొడితే తన విలువ అంత పెరుగుతుంది. తన తెలివికి తనే మురిసిపోయి, ఆ పూట వాచిన చిగుళ్లతోనే నవ్వుకున్నాడు. కొన్నాళ్లకే కదా అని యజమానినీ ఒప్పించాడు.

"ఇదిగో, ఎల్లుండి నుంచి కొన్నాళ్లు నువ్వు నా కుర్చీలో కూర్చోవాలి."

"కూర్చుని?"

"తినాలి."

ఆవిడ గిన్నె తుడుస్తున్నదల్లా ఆగింది. "నాకు బయట తిండి పడదన్నారుగా?"

"పడకపోయినా తిను. అది పని, నీ ఇష్టాయిష్టాలతో ఏం సంబంధం?"

నియమాలన్నీ చెప్పలేదు. మొదటి ముద్ద దగ్గర ఆగడం, కళ్లు సగం మూయడం లాంటి అసలు కిటుకులు దాచుకున్నాడు. పైపైవి చెప్పాడు. వీధి వైపు చూడకు, పళ్లెం ఖాళీ చెయ్యకు, వెనక తలుపులోంచి రా, అద్దం ముందు ఏ దిక్కుమాలినవాడైనా నిలబడితే చెంచా బోర్లించు.

"ఎవరు నిలబడినా?"

"ఎవరైనా సరే. మొహంలోకి చూడకు. చూశావా, చెయ్యాడదు."

"సరేనండి" అంది ఆవిడ.

మొదటి రోజు టైలరమ్మ తన దగ్గరున్న మంచి బట్టలు ఇచ్చింది, భుజాల దగ్గర వదులైతే లోపల్నుంచి సూదితో పట్టింది. కిటికీగారు మూతికి గుడ్డ కట్టుకుని, రోడ్డు అవతల కాలిబాట మీద బెంచీలో స్థిరపడ్డాడు, వేడుక చూడటానికి. ఆవిడ ముందు పళ్లెం పెట్టారు. వేడన్నం, వేయించిన చేప, పక్కన ఆకుకూర. ఆవిడ చాలాసేపు దాన్ని అలా చూస్తూ ఉండిపోయింది. "మొద్దు" అనుకున్నాడాయన తృప్తిగా.

తర్వాత ఆవిడ మొదటి ముద్ద తీసుకుంది. తీసుకుని ఆగిపోయింది. ఎవరూ నేర్పలేదు. కళ్లు పూర్తిగా మూతపడ్డాయి, ఆయన నియమానికి విరుద్ధంగా. బిగబట్టుకున్న భుజాలు మెల్లిగా దిగాయి. ఆ తర్వాత ఏ నియమమూ లేదు. చేప ముల్లు తీసి దాన్ని కూడా చప్పరించింది. బల్ల మీద రాలిన మెతుకుని వేలితో అద్దుకుని నోట్లో వేసుకుంది. కిటికీగారు సిగ్గుతో తల పట్టుకున్నాడు. నా పరువు తీస్తోందిరా అనుకున్నాడు. తలెత్తి చూసేసరికి కిటికీ ముందు ఒక పెద్దమనిషి ఆగి ఉన్నాడు. ఆయన వెనక ఇద్దరు ఆఫీసు అమ్మాయిలు. వాళ్లలో ఒకమ్మాయి గుటక వెయ్యడం రోడ్డు అవతలికి కూడా కనబడింది.

పళ్లెం సగమవగానే సర్వర్ వచ్చి తీసుకోబోయాడు. ఆవిడ రెండు చేతులతో పళ్లెం అంచు పట్టుకుంది. వదల్లేదు. అతను ఒకవైపు, ఆవిడ ఒకవైపు. వీధిలో జనం అది చూసి నవ్వుకుంటూ లోపలికి దూరారు. యజమాని చప్పున సైగ చేశాడు, వదిలెయ్యి, పూర్తిగా తిననీ అని. ఆ రోజు సాయంత్రం కాకుండానే హోటల్లో చేపలు అయిపోయాయి.

ఇందులో వింతేమీ లేదు. ఆయన ఏళ్లకేళ్లు నటించింది ఆవిడ దగ్గర నిజంగా ఉంది. దాన్ని పెంచి పోషించింది కూడా ఆయనే, ఇంట్లో పొయ్యి ఆర్పించి, వండినదాన్ని వెక్కిరించి.

మొదటిరోజు మోజులే అని సర్దిచెప్పుకున్నాడు. కానీ వారం తిరిగినా మోజు తగ్గలేదు. యజమానికి మాత్రం వేరే భయం పట్టుకుంది. రోజూ ఇలా కడుపునిండా తింటే ఈవిడ ఆకలి తీరిపోదూ? తీరితే ఇక కిటికీలో ఏముంటుంది? ఆవిణ్ణి పిలిచి మెత్తగా చెప్పాడు.

"అమ్మా, ఇంటి దగ్గర ఏమీ తినకండి. పొద్దున టీ కూడా వద్దు. ఖాళీ కడుపుతో రండి."

"అలవాటేనండి" అంది ఆవిడ.

అంతటితో ఊరుకోలేదు. వేడి పళ్లెం ముందు పెట్టి, కాసేపు ముట్టుకోకుండా వాసన పీల్చమనేవాడు. ఆ కాసేపట్లో ఆవిడ మొహంలో వచ్చేది చూసే సగం జనం లోపలికొచ్చేవాళ్లు. అప్పుడప్పుడు ఆవిణ్ణి ఎగాదిగా చూసి, బుగ్గలు కాస్త నిండాయనిపిస్తే మర్నాడు మధ్యాహ్నం రావద్దని, సాయంత్రమే రమ్మని చెప్పేవాడు. ఆవిడ దేనికీ ఎదురు చెప్పలేదు. అన్నం వస్తుందని తెలిసిన ఆకలి ఆవిడకి కొత్త. దాంట్లో కూడా ఒక సుఖం ఉందని టైలరమ్మతో అందట.

కిటికీగారికి కట్టుడు పళ్లు వచ్చాయి. జుట్టు దువ్వి, ఇస్త్రీ చొక్కా వేసి, నేరుగా వెళ్లి తన కుర్చీలో కూర్చున్నాడు. "సరే, ఇవాళ మీరే కానివ్వండి, చూద్దాం" అన్నాడు యజమాని. ఆ రోజు కిటికీగారు తన విద్య అంతా చూపించాడు. మొదటి ముద్ద, క్షణం ఆగడం, సగం మూసిన కళ్లు. ఏదీ తప్పలేదు. కానీ కొత్త పళ్ల చప్పుడు తనకే వినిపిస్తోంది. రెండో ముద్ద తొందరలో పైవరస జారి పెదవుల మధ్యకి వచ్చింది. అద్దం అవతల ఎవరో పగలబడి నవ్వారు. జనం చూస్తున్నారు, వెళ్లిపోతున్నారు. ఒకాయన గుమ్మంలో వాచ్‌మన్‌ని అడగడం లోపలికి వినబడింది. "రోజూ తినే ఆవిడ ఇవాళ రాలేదా?"

యజమాని ఎదురుగా వచ్చి నిలబడ్డాడు. "పెద్దాయనా, మీ పనితనానికి వంక పెట్టలేం. మీరు తింటుంటే మీకు బాగుందని తెలుస్తుంది. ఆవిడ తింటుంటే మాకు ఆకలేస్తుంది. రేపట్నుంచి ఆవిణ్ణే పంపండి."

"అది నా కుర్చీ అండి."

"కుర్చీ హోటలుది. మీరు ఇంటిపట్టున హాయిగా ఉండండి."

మర్నాడు ఆవిడ పనికి వెళ్లింది. ఆయన పొద్దుట్నుంచీ ఏమీ తినకుండా గదిలో గోడ చూస్తూ కూర్చున్నాడు. దీపాలు పెట్టే వేళ దాటాక కడుపులో ఏదో మెలిపెట్టినట్టయింది. రోగమేమో అనుకుని భయపడ్డాడు. కాసేపటికి తెలిసొచ్చింది, అది ఆకలి. ఆవిడ వచ్చి, కాళ్లు కడుక్కుని, చాప పరుచుకుంటోంది.

"ఆకలేస్తోందే. కాస్త అన్నం వండు."

"ఒక్క నోటి కోసం పొయ్యేంటండీ" అంది ఆవిడ. గొంతులో కసి లేదు, అలవాటైన మాట అన్నట్టు అంది. "మొన్నటిది గిన్నెలో ఉంది చూడండి."

ఆయన నిలబడే, గిన్నెలోంచే తిన్నాడు. గట్టిపడ్డ మెతుకులు కట్టుడు పళ్ల కిందికి చేరి చిగుళ్లని కోశాయి. గిన్నె పక్కన పెట్టి అసలు మాటకొచ్చాడు.

"రేపు వెళ్లి సరిగ్గా తినకు. అన్నం కెలికి వదిలెయ్యి. ఒంట్లో బాగాలేదని చెప్పు. నన్ను పిలుస్తారు."

"ఎందుకండీ? నాకు బయట తిండి బాగానే పడుతోంది" అని ఆవిడ అటు తిరిగి పడుకుంది.

ఆ తర్వాత ఆయన అరిచాడు, అలిగాడు, పళ్లేలు విసిరేశాడు. ఆవిడ పళ్లేలు తీసి సర్దేది, వేళకి వెళ్లిపోయేది. చొక్కాలు ఇస్త్రీ చేసే తీరిక ఆవిడకి లేదు, ఆయనకి చేతకాదు. చిగుళ్లు పుండ్లు పడితే పళ్లు తీసి జేబులో వేసుకున్నాడు. బుగ్గలు లోపలికి పోయాయి. చివరికి ఒక మధ్యాహ్నం తెగించి హోటలుకి బయల్దేరాడు. నలుగురి ముందూ మొగుడు అలా నిలబడితే ఆవిడే సిగ్గుపడి లేచొస్తుందని ఆయన ధీమా. లేస్తే చాలు, ఆ కుర్చీలో తను కూర్చుండిపోతాడు.

ఆవిడ ముందు పళ్లెం పొగలు కక్కుతోంది. ఇంకా ముట్టుకోలేదు, వాసన చూసే వేళ. ఆయన మాసిన చొక్కాతో, రేగిన జుట్టుతో, బోసినోటితో అద్దం ముందు నిలబడి వేళ్లతో తట్టాడు. ఆవిడ వీధి వైపు చూడలేదు. రెండోసారి తట్టాడు. ఆవిడ కంటి చివర్నుంచి ఒక్కసారి చూసింది. గుమ్మం దగ్గర ఆఫీసువాళ్లు కొందరు లోపలికి రావాలా వద్దా అని తటపటాయిస్తున్నారు.

ఆవిడ చెంచా తీసి, బోర్లించి, పళ్లేనికి ఎడం పక్కన పెట్టింది.

వాచ్‌మన్ వచ్చాడు. ఆయన్ని చూసి కర్ర కాస్త దించాడు. "పక్కకి జరగండి సార్."

"నేనురా. గుర్తుపట్టలేదా?"

"గుర్తుపట్టాను సార్. పని పనే కదా" అని కర్ర ఎత్తాడు.

ఆయన రోడ్డు దాటి అవతలి కాలిబాట మీద నిలబడ్డాడు. ఆఫీసువాళ్లు లోపలికి వెళ్లిపోయారు. ఆవిడ చెంచా మామూలుగా తీసుకుని మొదటి ముద్ద పెట్టుకుంది, కళ్లు పూర్తిగా మూసుకుంది. ఆయన బోసినోట్లో నీళ్లూరి గడ్డం మీదికి కారాయి. ఆయనకిప్పుడున్నంత ఆకలి ఆ కుర్చీలో కూర్చున్న రోజుల్లో ఒక్కనాడైనా ఉండి ఉంటే, కాటికి పోయే దాకా ఆయన్ని ఎవరూ అక్కణ్ణుంచి లేపగలిగేవాళ్లు కాదు.

హోటలువాళ్లు మధ్యాహ్నం తలుపులు మూశారు. పనయ్యాక ఆవిడ వెనక తలుపులోంచి వెళ్లిపోతుందని ఆయనకి తెలుసు, ఆ నియమం నేర్పింది తనే. అయినా అక్కడే నిలబడి ఉన్నాడు. ఇంటికి వెళ్లినా పొయ్యి వెలగదు.